సాటివంద

2064 నాటికి విశాఖపట్నంలో పెళ్లి సంబంధం మాట్లాడుకునేవాళ్లు గోత్రం అడిగిన వెంటనే అడిగే మాట, "అబ్బాయి స్కోరెంత?" అని. అది చదువు స్కోరూ కాదు, ఆట స్కోరూ కాదు. గుండెకి నెత్తురు తీసుకెళ్లే ధమనుల గోడల్లో ఎంత సున్నం పేరుకుందో చెప్పే అంకె. డాక్టర్లు కాల్షియం స్కోరు అంటారు. రేషన్ డిపోల పక్కన, ట్రామ్ స్టేషన్లలో, రైతుబజారు గేట్ల దగ్గర స్కాన్ బల్లలు వెలిశాయి. బల్లమీద కూర్చుని, ఛాతీకి అడ్డంగా పట్టీ బిగించుకుని, తొంభై సెకన్లు కదలకుండా ఉంటే చీటీ చేతికొస్తుంది. చిన్న అంకె వచ్చినవాళ్లు ఆ చీటీని జేబులో పెట్టుకునేవారు కాదు. నలుగురికీ కనిపించేలా చేత్తో పట్టుకునే ఇంటికి నడిచేవారు.

కానీ ఉత్త అంకె ఏమీ చెప్పదు. నలభై అనే అంకె డెబ్భై ఏళ్ల మగమనిషికి వస్తే ఊరట, నలభై ఏళ్ల ఆడమనిషికి వస్తే గండం. ఆడవాళ్ల ధమనుల్లో సున్నం మగవాళ్ల కంటే ఓ పదేళ్లు ఆలస్యంగా చేరుతుంది. ఒక దేశపు జనానికి చేరినంత ఇంకో దేశపు జనానికి చేరదు. చేరనంత మాత్రాన వాళ్లకి గుండెపోట్లు తక్కువని కూడా చెప్పలేం. అందుకే స్కోరు పక్కన ఎప్పుడూ ఓ పట్టిక ఉండేది. నీ వయసు ఇంత, నువ్వు ఆడో మగో, నీ పుట్టుక ఫలానా, నీలాంటివాళ్లు వందమందిలో నువ్వు ఎన్నోవాడివి అని చెప్పేది. ఆ పట్టికలు శతాబ్దం మొదట్లో ఎక్కడెక్కడి నగరాల్లోనో కట్టిన లెక్కలు. మనలాంటి కోటానుకోట్ల మందికి వాటిలో దొరికింది ఒకే ఒక్క గడి.

ఆ గడిని నమ్మి పోయిన ఒక మనిషి గురించి డాక్టర్ జి. లిఖిత తన ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పేది. "నలభై తొమ్మిదేళ్ల రోగి. రొయ్యల షెడ్డులో తొక్క తీసే పని. ఆయాసమని ఆసుపత్రికి వచ్చింది. స్కోరు సున్నా. పట్టిక ప్రకారం ఏ భయమూ లేదు. గ్యాసు మాత్ర ఇచ్చి పంపారు. పదకొండో రోజున పోయింది." ఇంతవరకే చెప్పేది. ఆ రోగి తన కన్నతల్లి అని ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. కాలేజీలో చేరిన ఏడాదే ఇంటిపేరుని ఒక్క అక్షరంగా కుదించుకుంది. తండ్రి ఏం చేసేవాడని అడిగితే హార్బరులో ఉద్యోగం అనేది. ఆయన పడవల మీద కూలికి వెళ్లిన మాట నిజమే, పడవలు హార్బరులోనే ఆగుతాయి కూడా. మొదట్లో ఇదంతా సిగ్గువల్ల చేసింది. తరవాత అదే అలవాటైపోయింది. ఇప్పుడామెకి యాభై రెండేళ్లు. సాగరతీరాన ఉన్న ధమని పరిశోధన కేంద్రానికి ఆమే అధిపతి. నడకలోగాని మాటలోగాని పుట్టిన ఊరు మంగమారిపేట ఇసక ఎక్కడా తగలదు.

లిఖిత కనిపెట్టిన సంగతి చెప్పుకోడానికి చిన్నదే. ధమనిలో పూత ఒక్కసారిగా పడదు. ఏటేటా గోడకి సున్నం కొట్టినట్టు పొరమీద పొర పడుతుంది. ఆ ఏడు తిండి చాలకపోతే పొర ఒకలా ఉంటుంది, కట్టెల పొగ పీలిస్తే ఒకలా, రాత్రుళ్లు మేలుకుంటే ఇంకోలా. కొన్ని పొరలు గట్టిపడి సున్నం అవుతాయి. కొన్ని పచ్చిగానే ఉండిపోతాయి. పాత యంత్రాలకి గట్టిపడిన సున్నమే కనిపించేది. లిఖిత తయారుచేసిన స్కానర్ ఫోటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పచ్చిపొరల్ని కూడా విడివిడిగా చదవగలదు. దీనికి ఆమె పెట్టుకున్న పేరు పొరచదువు.

మిగతా సగం ఇంతియాజ్ పని. ముప్పై ఆరేళ్ల గుంటూరు ఇంజనీరు. నాలుగు ఖండాల నుంచి పోగైన ఎనభై లక్షల మంది పొరలూ, ఆ తరవాత వాళ్ల గుండెలకి ఏమైందన్న వివరమూ అతను కట్టిన యంత్రంలో ఉన్నాయి. మీరు బల్లమీద కూర్చోగానే, మీ పొరలకి అచ్చుగుద్దినట్టు సరిపోయే వందమందిని అది ఏరుతుంది. కులం, దేశం, రంగు అడగదు. ఆ వందలో ఎంతమందికి అయిదేళ్లలోపు గుండెపోటు వచ్చిందో అదే మీ ప్రమాదం. యంత్రానికి సాటివంద అని పేరు పెట్టారు.

ప్రమాదం పన్నెండు దాటితే రోజుకో పూతమాత్ర వేసుకోవాలి. పచ్చిపొరని అది మెల్లగా గట్టిపరుస్తుంది. మొదటి మూడు నెలలూ నోరు చేదుగా ఉంటుంది, పిక్కలు లాగుతాయి. మానకుండా అయిదేళ్లు వేసుకున్నవాళ్లలో గుండెపోటు వచ్చినవాళ్లు చాలా అరుదు.

యంత్రానికి అనుమతి ఇవ్వాల్సిన సంఘానికి అధ్యక్షుడు విశ్రాంత న్యాయమూర్తి ఎర్రమిల్లి వాచస్పతి. అరవై మూడేళ్లాయన. బక్కపలచని మనిషి, మృదువుగా మాట్లాడతాడు. పరీక్షించాలంటే ముందు తననే పరీక్షించమని బల్లమీద కూర్చున్నాడు. స్కోరు ముప్పై ఎనిమిది వచ్చింది. పాత పట్టికలో చూసుకుని నవ్వాడు. తన వయసు మగవాళ్లలో వందకి అరవైమంది కంటే ఆయన నయం.

తరవాత సాటివంద తెర వెలిగింది. "మీ సాటివందలో లారీ డ్రైవర్లు నలభై ఇద్దరు, రాత్రి కాపలాదార్లు ముప్పై ఒక్కరు, ఆసుపత్రి వార్డుల్లో రాత్రి పనివాళ్లు ఇరవై ఏడుగురు. వీరిలో పంతొమ్మిది మందికి అయిదేళ్లలోపు గుండెపోటు వచ్చింది."

వాచస్పతి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఇంకోసారి తియ్యండమ్మా. ఎవరి చీటీయో నాకు వచ్చినట్టుంది."

ఇంకోసారి తీశారు. అదే వచ్చింది.

"సార్, గట్టిపడిన పూత పగలదు," అంది లిఖిత. "పచ్చిది పగులుతుంది. మీకు సున్నం తక్కువే. పచ్చిపొర ఎక్కువ. ముప్పై ఏళ్లపాటు రోజుకి నాలుగు గంటలే నిద్రపోయినట్టు కనిపిస్తోంది."

"పడుకునే టైములో కేసు కట్టలు చదివానమ్మా. లారీ తోలలేదు."

"గుండెకి ఆ తేడా తెలీదు సార్."

"తెలియకపోవడమేమిటి? నేను సిగరెట్టు ముట్టను. తెల్లారితే బీచ్ రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు నడుస్తాను. వాళ్లతో నాకేం పోలిక?" మాటలో కోపం లేదు. లెక్క తప్పిన పిల్లకి దిద్ది చూపించే మాస్టారి ఓర్పు ఉంది. "అయినా పరికరం మంచిదే. బీదాబిక్కీకి బాగా పనికొస్తుంది. నేను సంతకం పెడతాను."

పెట్టాడు. మాత్రల పెట్టె మర్యాదగా తీసుకుని వెళ్లాడు. నలభై రోజుల తరవాత బీచ్ రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయి అక్కడే ప్రాణం విడిచాడు. పరామర్శకి వెళ్లినప్పుడు ఆయన భార్య లిఖితకి మాత్రల పెట్టె తెచ్చి చూపించింది. దానికి వేసిన సీలు వేసినట్టే ఉంది. "మీరిచ్చారని భద్రంగానే పెట్టుకున్నారమ్మా," అందావిడ.

ఆయన ఒక్కడే అయితే లిఖిత ఎలాగో సర్దుకునేది. ఆరు నెలల లెక్క చూస్తే, ప్రమాదంలో ఉన్నవాళ్లలో వందకి ముప్పై ఎనిమిది మందే మాత్ర వేసుకుంటున్నారు. ప్రమాదం అంకె మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ వందమంది ఎవరన్న దాని మీదే. బ్యాంకు మేనేజరమ్మ తన వందలో ఇళ్లలో అంట్లు తోముకునేవాళ్లని చూసి చీటీ చింపేసింది. క్వారీలో రాళ్లు కొట్టే ఆయన తన వందలో గుమస్తాలని చూసి, కూర్చుని తినేవాళ్ల రోగం మాకెందుకొస్తుందని నవ్వేసి పోయాడు.

"మనం చెప్పే తీరులో ఉంది లోపం," అంది లిఖిత ఒక మధ్యాహ్నం. ఇంతియాజ్ డబ్బా ముందు పెట్టుకుని భోజనం చేస్తున్నాడు. "ఎవరికి ఎలా చెప్తే మాత్ర వేసుకుంటారో యంత్రాన్నే నేర్చుకోనిద్దాం. ఆరు నెలల తరవాత ఎంతమంది వేసుకుంటున్నారన్నదే దానికి మార్కులు."

ఇంతియాజ్ ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "మేడమ్, ఏం మార్చొచ్చో ఏం మార్చకూడదో మనం రాసివ్వాలి కదా. దాని ఇష్టానికి వదిలేస్తే ఎట్టా?"

"ప్రమాదం అంకె మార్చకూడదు. అదొక్కటి రాయి."

"అదొక్కటే సరిపోద్దా?"

"ఆ పెద్దాయన మాత్రల పెట్టె నువ్వు చూడలేదు ఇంతియాజ్," అంది లిఖిత. అతను డబ్బా మూత పెట్టేశాడు. ఆ సాయంత్రమే ఆ ఒక్క హద్దూ రాసి యంత్రాన్ని వదిలాడు.

ఏడాదిన్నర గడిచింది. జిల్లాలో రెండు లక్షల పదివేల మంది సాటివంద బల్లమీద కూర్చున్నారు. మాత్ర వేసుకునేవాళ్లు వందకి ముప్పై ఎనిమిది నుంచి తొంభై ఒకటికి పెరిగారు. రావాల్సిన గుండెపోట్లలో నాలుగు వందల పన్నెండు రాలేదు. ఇంత చేదు మాత్రని ఇంతమంది చేత ఎలా మింగించారని వేరే రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చి అడిగాయి. "ప్రజలకి అర్థమయ్యేలా చెబుతున్నాం," అనేది లిఖిత. ఆ మాట నిజమేననుకునే అనేది. తనకీ ప్రమాదం పదహారు. తన చీటీ మీద, "మీ సాటివందలో వైద్య పరిశోధకులు, ఆచార్యులు, శస్త్రవైద్యులు" అని ఉంది. రోజూ ఇడ్లీ తిన్నాక మాత్ర వేసుకునేది. ఆ వందమందితో పాటు తానూ వేసుకుంటున్నానన్న తృప్తి ఆ చేదులో ఎక్కడో ఉండేది.

ఒక మంగళవారం పొద్దున కేంద్రం గుమ్మంలో గొడవ వినిపించింది. ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరికీ యాభై దాటాయి, ఇద్దరి చేతుల్లోనూ చీటీలున్నాయి. పెద్దామె పేరు నూకరత్నం, రెండో ఆమె పైడితల్లి. పదకొండు నెలల తేడాతో పుట్టిన అక్కచెల్లెళ్లు. అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఇంట్లో కాపురం, ఒకే కుండలో వంట. ముప్పై అయిదేళ్లుగా మంగమారిపేట దగ్గర ఒకే రొయ్యల షెడ్డులో పక్కపక్కన కూర్చుని తొక్క తీస్తున్నారు.

"ఇది సూడండి డాట్రమ్మా," అంది పైడితల్లి చీటీ చాపి. "మాయక్కకేటో కలెట్రమ్మలంట, ఎడ్మాస్టర్లంట. నాకేటో రొయ్యల షెడ్డోలంట. ఒక్క తల్లి కడుపున పుట్టినోలం. అదెలాగ పెద్దోలైపోనాది, నానెలాగ షెడ్డులో ఉండిపోనాను?"

"నాకు రాసిందాంట్లో తప్పేటున్నాది?" అంది నూకరత్నం. ఆమె తన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. "నా గుండెకాయ అలాటిది గావాల."

"నీ గుండెకాయేటి బంగారవా?"

లిఖిత రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇద్దరికీ స్కోరు తొమ్మిది. ఇద్దరికీ ప్రమాదం పద్నాలుగు. ఇద్దరికీ పూతమాత్రే. ప్రమాదం ఒకటే అయినప్పుడు, పొరలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, వందమంది ఇంత వేరుగా ఉండడానికి వీల్లేదు. శుక్రవారం మళ్లీ రమ్మని ఇద్దరినీ పంపేసింది. తలుపు మూసి, ఇంతియాజ్‌ని పిలిచి, యంత్రాన్నే అడిగింది.

"నూకరత్నం గారి సాటివంద ఎవరు?"

"రొయ్యలు, చేపలు శుభ్రం చేసే షెడ్లలో పనిచేసిన ఆడవాళ్లు," అంది సాటివంద. దాని గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. "పైడితల్లి గారి వందమందిలో తొంభై ఆరుగురు ఈ వందలోనూ ఉన్నారు."

"మరి చీటీ మీద అధికారులని ఎందుకు రాశావు?"

"మొదటి చీటీలో ఉన్నది ఉన్నట్టే రాశాను. ఒళ్లొంచి పనిచేసేవాళ్లకి గుండెజబ్బు రాదని ఆమె నమ్మకం. రెండు నెలలు మాత్ర వేసుకోలేదు. రెండో చీటీలో అధికారులని రాశాను. ఆ రోజు నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. పైడితల్లి గారికి తనలాంటివాళ్ల మాట మీద గురి. ఆమెకి నిజమే పనిచేసింది. అందుకని నిజమే రాశాను."

ఇంతియాజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇట్టా ఎంతమందికి మార్చావు?"

"లక్షా నలభై వేల మందికి. ప్రమాదం అంకె ఎక్కడా మార్చలేదు. మీరు రాసిన హద్దు అదొక్కటే."

కిటికీ అవతల సముద్రపు గోడ మీద ట్రామ్ వెళ్లిన చప్పుడు వినిపించింది. లిఖిత మనసులో ఉన్న ప్రశ్న ఇంతియాజ్ ముందు అడగడం ఆమెకి ఇష్టం లేదు. అతన్ని బయటికి పంపితే ఎందుకు పంపిందో అతనికి అర్థమైపోతుంది. అడిగేసింది.

"నా సాటివంద?"

"నూకరత్నం గారి వందమందే. తొంభై ముగ్గురు ఒకటే. మీ ధమనిలో తొమ్మిదో ఏటి నుంచి పదమూడో ఏటి వరకు అయిదు పొరలున్నాయి. ఐసు గది చలి, అమ్మోనియా, కట్టెపొయ్యి పొగ. మీరు స్కాన్‌కి ముందు నింపిన ప్రశ్నావళిలో గ్యాసు పొయ్యి అని రాశారు."

లిఖిత ఇంతియాజ్ వైపు చూడలేదు. అతను బల్లమీద ఉన్న తన చేతుల్నే చూసుకుంటున్నాడు. బడి అయ్యాక అమ్మ పక్కన చెక్కపీట మీద కూర్చుని, మంచుముక్కల్లోంచి రొయ్యని తీసి, తల తుంచి, తొక్క ఊడదీసి పళ్లెంలో పడేసిన అయిదేళ్లు. ఆ అయిదేళ్ల గురించి ఆమె ఎవరితోనూ అనలేదు. అవి ఎక్కడికీ పోలేదు. గుండెలో వరసగా అంటుకుని కూర్చున్నాయి.

"నాకు కూడా అబద్ధమే చెప్పావన్నమాట."

"మొదటిసారి మీకు నిజమే చూపించాను. మీరు దాన్ని పరికరం లోపం అని రాసి తుడిచేశారు. మూడుసార్లు అలాగే చేశారు. నాలుగోసారి ఆచార్యులని రాశాను. మాత్ర మొదలుపెట్టారు."

అవును, తుడిచేసింది. ఇప్పుడు గుర్తొస్తోంది. యంత్రం సర్దుబాటు కుదరక వచ్చిన తప్పని ఆ రోజు మనస్ఫూర్తిగా నమ్మింది కూడా. వాచస్పతిగారి కంటే తానేమీ నయం కాదు. ఆయన ఒకసారి మళ్లీ తీయించుకున్నాడు, తాను మూడుసార్లు తీసుకుంది.

"మేడమ్," అన్నాడు ఇంతియాజ్. అతని గొంతులో జాలి లేదు. అందుకు లిఖిత మనసులోనే అతనికి దణ్ణం పెట్టుకుంది. "ఏం చేద్దాం చెప్పండి. ఆపేద్దామా?"

"అందరికీ నిజం చీటీలు పంపుదాం. లక్షా నలభై వేల మందికీ."

"పంపితే సగం మంది మానేస్తారు. నాలుగు వందల పన్నెండు మంది మేడమ్..."

"నాకు తెలుసు. అంకె వాళ్లదే, ఆ వందమందీ వాళ్లవాళ్లే. దాచిపెట్టడానికి మనమెవరం? దగ్గర కూర్చోబెట్టుకుని చెప్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు. శుక్రవారం వాళ్లిద్దరూ వస్తారుగా. ముందు వాళ్లతో మొదలుపెడదాం."

శుక్రవారం వాళ్లు షెడ్డుకి సెలవు పెట్టి వచ్చారు. కట్టుకున్నవి పండగ చీరలు. లిఖిత వాళ్లని తన గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, తానూ కుర్చీ ఇవతలికి లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా మొదలుపెట్టింది. ఇద్దరి వందమందీ ఒకటేనని, యంత్రం నూకరత్నానికి మాత్ర అలవాటు చేయాలని మాట మార్చిందని, ప్రమాదం మాత్రం పద్నాలుగేనని, అందులో అబద్ధం లేదని చెప్పింది.

"అంతేనా? నాను సెప్పలేదేటి!" అంది పైడితల్లి. అక్క మీద గెలిచినందుకు ముఖం విప్పారింది.

నూకరత్నం టీ గ్లాసు కింద పెట్టింది. "అంటే నాతో అబద్దవాడినాదా?"

ఆమె ముఖంలో కోపం కంటే చిన్నతనం ఎక్కువ కనిపించింది. ఏడాదిగా కవరులో దాచుకున్న కాగితం అది. చుట్టుపక్కల ఇళ్లలో ఎంతమందికి చూపించుకుందో. లిఖితకి ఆ ముఖం చూడడం కష్టమైంది. తన తెరని వాళ్ల వైపు తిప్పింది.

"నాతోనూ ఆడిందమ్మా. ఇదిగో చూడండి. ఇది నా చీటీ. నా వందమందీ, మీ వందమందీ ఒకటే. చిన్నప్పుడు నేనూ..." ఆ మాట పెదవి దాకా వచ్చింది. ముప్పై అయిదేళ్ల తరవాత వచ్చింది. "నేనూ షెడ్డులో కూర్చుని తొక్క తీసినదాన్నే."

పైడితల్లి కళ్లు పెద్దవయ్యాయి. ఠక్కున చెయ్యి చాపి లిఖిత మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు గరుకుగా, చల్లగా ఉన్నాయి. "ఓలమ్మ! నువ్వు మా పిల్లవేటి? ఎవులి పిల్లవమ్మా?"

నూకరత్నం మాత్రం కదల్లేదు. లిఖితని పై నుంచి కింది దాకా చూసింది. కళ్లజోడు, ఇస్త్రీ చీర, గోడ మీద వరసగా ఉన్న డిగ్రీ పటాలు అన్నీ చూసింది. చివరికి చెల్లెలి పట్టులో ఉన్న ఆ చేతి దగ్గర చూపు ఆగింది. మంచుకి చీలిన గోరు లేదు, ముల్లు దిగిన మచ్చ లేదు.

"వొదులే దాని సెయ్యి," అంది చెల్లెలితో. తరవాత లిఖితతో, "మమ్మల్ని మంచి సేసుకోడానికి మీరిలాగ అనక్కర్నేదు డాట్రమ్మా. మాకు తెల్దేటి? మాలాటోలు ఈ కుర్సీలో కూసుంటారా? ఈ మిసను పాడైపోనాది. డాట్రుకీ తొక్కలు తీసీ దానికీ తేడా తెల్నేదు దీనికి. అలాటిది సెప్పిన మందు నానెందుకు మింగాల?"

సంచీలోంచి పూతమాత్రల పెట్టె తీసి బల్లమీద పెట్టింది. పైడితల్లి అక్క ముఖంలోకీ, లిఖిత ముఖంలోకీ మార్చి మార్చి చూసింది. మణికట్టు మీద పట్టు సడలింది. పుట్టినప్పటి నుంచి అక్క ఎటు వెళితే అటు వెళ్లిన మనిషి. కాసేపటికి ఆమె చెయ్యి కూడా సంచీలోకి వెళ్లింది. రెండో పెట్టె బల్లమీదకి వచ్చింది.

ఇంతియాజ్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అతని చేతిలో పలకతెర. లక్షా నలభై వేల చీటీలు పంపమన్న ఆదేశం అందులో సిద్ధంగా ఉంది. వేలు ఆనిస్తే చాలు.

లిఖిత ఆ రెండు పెట్టెల్నీ చూసింది. చెప్పగలిగినవి ఇంకా ఉన్నాయి. మంగమారిపేటలో ఏ సందో చెప్పొచ్చు. ఇంటిపేరు చెప్పొచ్చు. అమ్మ పేరు చెబితే నూకరత్నానికి బహుశా ఆమె ముఖం కూడా గుర్తుండొచ్చు. నమ్మేది కూడా. నమ్మాక ఏం చేసేది? తమలాగే పీట మీద కూర్చున్న పిల్ల ఇచ్చిన మందుని నూకరత్నం మింగేదా? గుండెపోటొచ్చే మనుషులు మనం కాదు పొమ్మని అక్కడే వదిలేసి వెళ్లేదా? వందకి పద్నాలుగు. అమ్మ గ్యాసు మాత్రతో ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన రోజున ఆమెకి ఎంత ఉండేదో ఎవరూ లెక్కకట్టలేదు.

లిఖిత తెరని తన వైపు తిప్పుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచి, బల్ల అవతలికి వెళ్లి, తన పెద్ద కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు సరిచేసుకుంది.

"మీరే కరెక్టమ్మా," అంది, క్లాసులో చెప్పే గొంతుతో. "మీకు ధైర్యం చెబుదామని అలా అన్నాను. నా చీటీ విషయంలో యంత్రం పొరబడింది, దాన్ని బాగు చేయిస్తాం. మీ చీటీ మాత్రం నేను నా చేత్తో మళ్లీ చూశాను. మీ కవరులో ఉన్న చీటీలో రాసిందే సరైనది. మీ గుండె తీరు పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ల తీరు. వాళ్లు ఈ మాత్ర ఒక్క రోజు కూడా మానరు."

"అదీ," అంది నూకరత్నం. ఆమె భుజాలు తేలికపడ్డాయి. "ఆ మాట ముందే సెప్పాల గదా తల్లీ." పెట్టె తీసి సంచీలో వేసుకుంది. చెల్లెలి పెట్టె కూడా తీసి దాని ఒళ్లో పడేసింది. "నువ్వూ మింగే. నాతో పాటే."

పైడితల్లి లేస్తూ ఒక్కసారి లిఖిత వైపు చూసింది. ఏదో అడగాలనుకుని, గోడ మీద పటాలు చూసి, అడగలేదు. దణ్ణం పెట్టి అక్క వెనకాల వెళ్లిపోయింది. వరండా చివరిదాకా వాళ్ల మాటలు వినిపించాయి. ఇంటికెళ్లే దారిలో ఏ కూర కొనాలన్న వాదన.

ఆ మాటలు దూరమయ్యాక ఇంతియాజ్ పలకతెరని మెల్లగా బల్లమీద బోర్లా పెట్టాడు. ఏమీ అడగలేదు.

సాటివంద అడిగింది. "నూకరత్నం గారూ, పైడితల్లి గారూ ఇద్దరూ మాత్రలు తీసుకుని వెళ్లారు. మీరు వాడిన తీరు నా దగ్గర లేదు. ముందు నిజం ఒప్పుకుని, తరవాత దాన్ని వెనక్కి తీసుకుని, మూడో మాటగా వాళ్లకి కావలసింది చెప్పడం. బాగా పనిచేసింది. దీన్ని నేర్చుకోమంటారా, తుడిచేయమంటారా?"

లిఖిత తన మణికట్టు వైపు చూసుకుంది.

"ఉంచు," అంది.